మడతచాకుల సేకరణ గురించి నాలుగు మాటలు

మొన్న ఉగాదికి మా ఇంటికి వచ్చిన ఒక యువమిత్రుడు నా రాతబల్ల సొరుగులో ఉన్న చాకుల డబ్బాను చూశాడు. ఒక్కొక్కటే బయటకు తీసి, తెరిచి, మూసి, చివరకు “సార్, నాకూ ఇట్లాంటివి కూడబెట్టాలని ఉన్నది, ఎక్కడ మొదలుపెట్టమంటారు?” అని అడిగాడు. నేను నోరు విప్పేలోగా వంటింట్లో నుండి మా ఇంటావిడ, “కత్తిపీట దగ్గర మొదలుపెట్టమనండి” అన్నది. ఆమె పరిహాసానికే అన్నది గాని, అతడు వెళ్లిపోయిన తరువాత ఆలోచించిన కొద్దీ అంతకంటె సరియైన జవాబు నాకూ తోచలేదు. ఆ జవాబునే కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నా దగ్గర ఉన్నవి పదకొండు చాకులు మాత్రమే. వందలకొద్దీ కూడబెట్టినవారు ఈ టపా చదివి నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. పదకొండింటినీ నేను వాడాను. ఏది ఏ పనిలో ఏపాటిదో చెప్పగలను. ప్రతి చాకుకూ ఒక చీటీ రాసి దారంతో కట్టి ఉంచాను. బడిలో పుస్తకాలయం చూసుకున్న అలవాటు అది. ఆ చీటీల మూలంగానే ఒక తప్పు కూడా చేశాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఇక పదాల సంగతి. పండితశిక్షణ పొందినవాడికి ఈ రోగం పోదు, మన్నించగలరు. ‘కత్తి’ మన మాటే. ‘కత్తెర’ సంస్కృతపు ‘కర్తరి’ నుండి దిగివచ్చింది. ‘చాకు’ పారశీక భాష మీదుగా ఉర్దూలోకి, అక్కడ నుండి మనకు వచ్చింది. ‘జేబు’ అరబ్బీ. మా తెలంగాణంలో జేబును ‘కీస’ అంటాము, అదీ ఉర్దూ దయే. కాబట్టి ‘జేబుచాకు’ అనే సమాసంలో అచ్చతెలుగు పదం ఒక్కటీ లేదు. అయినా అది తెలుగు మాట కాదనే సాహసం ఎవరు చేయగలరు? స్విట్జర్లాండు చాకుకు కూడా ఇటువంటి గతే పట్టింది. జర్మను భాషలో దాని పేరు ‘ఒఫిత్సియర్స్‌మెస్సర్’, అంటే అధికారుల చాకు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికా సైనికులకు ఆ పేరు నోరు తిరగక ‘స్విస్ ఆర్మీ నైఫ్’ అన్నారు. లోకమంతటా అదే నిలిచిపోయింది.

నా మొదటి చాకు 1996లో వచ్చింది. నా దగ్గర పదవ తరగతి వరకు చదివి, ఆపైన చదువు సాగక దుబాయి వెళ్లిన ఒక శిష్యుడు తొలిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. మా నిజామాబాదు ప్రాంతపు పల్లెలలో ఆ రోజుల్లో ఇంటికొకరు గల్ఫు దేశాలలో ఉండేవారు అంటే అందులో అతిశయోక్తి కొంచెమే. వచ్చినవారు సెంటు సీసాలు, టేపురికార్డర్లు, కంబళ్లు తెచ్చేవారు. ఇతడు మాత్రం ఎర్రటి పిడి మీద తెల్లని శిలువ గుర్తున్న ఒక మడతచాకును నా చేతిలో పెట్టి, “మిల్ట్రీ చాకు సార్, గిండ్ల అన్ని ఉన్నయి” అన్నాడు. మొదటి నెల జీతంలో కొన్నాడట.

దానిలో నిజంగానే అన్నీ ఉన్నవి. పెద్ద కత్తి, చిన్న కత్తి, డబ్బా తెరిచేది, సీసా మూత తీసేది, కత్తెర, రంపం, చెప్పులు కుట్టేవారి ఆరె వంటి మొన, పిడిలో దాగి ఉన్న ముల్లు తీసే చిమ్టా, పంటిపుల్ల. బిరడా తీసే మర కూడా ఉన్నది. బాన్సువాడలో ఒక తెలుగు పంతులుకు దానితో ఏమి పని? ముడి పడిన పురికొసను విప్పడానికి దానికి మించిన సాధనం లేదని నాకు తరువాత తెలిసింది. పరీక్షల జవాబు పత్రాల కట్టలు విప్పేవారికి ఆ సుఖం తెలుస్తుంది.

పదిహేనేళ్లు ఆ చాకు నాతో బడికి వచ్చింది. కట్టల మీది లక్కముద్రలను పగలగొట్టింది, హాజరుపట్టీలకు రంధ్రాలు పొడిచింది, పిల్లల సైకిలు గొలుసుకు పడిన గుడ్డపీలికలను కోసింది. చెప్పులు లేకుండా నడిచివచ్చే పిల్లల పాదాలలో తుమ్మముల్లు విరిగితే నా దగ్గరకే పంపేవారు. ఆ చిమ్టాతో ముల్లు పట్టుకోవడం కష్టంగా ఉండేది, కొన వంగిపోయేది. అది నా చేతి లోపమనే అనుకునేవాణ్ణి.

2011లో మా అల్లుడు అసలు విక్టొరినాక్స్ చాకు ఒకటి తెచ్చి ఇచ్చాడు. ‘స్పార్టన్’ అనే రకం. మూసినప్పుడు 91 మిల్లీమీటర్ల పొడవు, అరవై గ్రాముల బరువు. దానిని తెరిచిన మొదటిసారే నాకు అనుమానం పుట్టింది. అసలు చాకులో అలుగు తెరుచుకునేటప్పుడు మొదట కొంచెం ఎదురుతిరిగి, సగం దాటగానే తనంతట తానే వెళ్లి ‘టక్’మని కూర్చుంటుంది. మూసినప్పుడూ అంతే. నా పాత చాకులో అలుగు ఎక్కడ వదిలితే అక్కడ ఊగుతూ నిలబడేది. అసలుదానిలో పెద్ద కత్తి మొదలు దగ్గర తయారీదారు పేరు, దేశం పేరు చెక్కి ఉంటాయి. నాదానిలో ఏమీ లేదు. అసలుదాని చిమ్టాతో వెంట్రుకను కూడా పట్టుకోవచ్చు. భూతద్దం పెట్టి చూస్తే పాత చాకు పిడి మీది శిలువ బాహువులు కూడా సమానంగా లేవు.

అంటే నా శిష్యుడు ఇచ్చింది నకిలీది. అతడిని ఎవరో మోసగించారు. లేదా మోసమేమీ లేకుండా, అంగట్లో దొరికిన చాకును దాని ధరకే కొని ఉంటాడు. ఏమైనా ఆ రోజు నాకు కలిగింది బాధ కాదు, ఆసక్తి. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియని భేదం ఇంత ఉన్నదా అనిపించింది. నేను సేకర్తనైనది ఆ సాయంత్రమే అనుకుంటాను. మొదటి చాకు వచ్చినప్పుడు కాదు, రెండవది దాని పక్కన చేరినప్పుడు.

ఈ చాకు పుట్టుక కథ కొంత తెలిస్తే పోలికలు సులభమవుతాయి. కార్ల్ ఎల్స్‌నర్ అనే ఆయన 1884లో స్విట్జర్లాండులోని ష్విట్స్ ప్రాంతంలో, ఇబాఖ్ అనే ఊళ్లో కత్తుల కార్ఖానా పెట్టాడు. ఆ తరువాత స్విస్ సైన్యం తన సైనికులకు ఒక మడతచాకు ఇవ్వాలని నిశ్చయించింది. కొత్త తుపాకిని విప్పి శుభ్రం చేయడానికి ఒక స్క్రూడ్రైవరు, డబ్బా తిండి తెరవడానికి ఒక కొక్కెం, ఒక అలుగు, ఒక ఆరె, ఇంతే. అంత చాకును తయారుచేసే వసతి స్వదేశంలో లేక మొదటి దఫా జర్మనీలోని సోలింగెన్ నగరంలో చేయించుకున్నారు. మన సైనికుని చాకు పరదేశంలో చేయించడమేమిటని ఎల్స్‌నర్ తోటి కత్తులవాళ్లను కూడగట్టి, 1891లో తొలిసారి సైన్యానికి చాకులు అందించాడు. సోలింగెన్ యంత్రాల ధరకు తట్టుకోలేక తోటివాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఈయన నిలబడ్డాడు గాని దాదాపు దివాలా తీశాడు.

ఆయనను గట్టెక్కించింది ఒక స్ప్రింగు. సైనికుల చాకు బరువుగా ఉండేది. తేలికగా ఉంటూ మరిన్ని పనిముట్లు పట్టే చాకు చేయాలని ఆలోచించి, ఒకే స్ప్రింగు మీద రెండు వైపులా పనిముట్లు నిలిచే అమరికను కనిపెట్టాడు. పిడి కడుపున, వీపున కలిపి మొత్తం ఆరు పనిముట్లు, వాటిలో బిరడా తీసే మర కూడా చేరింది. 1897 జూన్ 12న ఆ ‘అధికారుల చాకు’ను నమోదు చేయించుకున్నాడు. విచిత్రమేమంటే సైన్యం దీనిని ఎన్నడూ అధికారికంగా ఇవ్వలేదు. అధికారులు తమ డబ్బుతో కొనుక్కున్నారు. లోకంలో ప్రసిద్ధి పొందిన ‘సైన్యపు చాకు’ సైన్యం ఇచ్చినది కాదన్నమాట. 1909లో తల్లి చనిపోతే ఆమె పేరు విక్టోరియాను తన సరుకుకు పెట్టుకున్నాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కు వచ్చిన తరువాత, ఆ ఉక్కుకు ఫ్రెంచిలో గుర్తుగా వాడే ‘ఇనాక్స్’ను చేర్చి ‘విక్టొరినాక్స్’ అయింది. తల్లి పేరుకు ఉక్కు సంధి. ఇది సవర్ణదీర్ఘమా, మరొకటా అని నన్ను అడగవద్దు.

రెండవ తయారీదారు కూడా ఉండేవాడు. ఫ్రెంచి మాట్లాడే జూరా ప్రాంతంలో డెలెమోన్ పట్టణం, అక్కడి వెంగర్. 1908లో స్విస్ ప్రభుత్వం రెండు ప్రాంతాల మధ్య మాట రాకుండా కొనుగోలును చెరి సగం పంచింది. తరువాత ‘అసలైన’ అనే మాట విక్టొరినాక్స్ వాడుకునేటట్లు, ‘నిజమైన’ అనే మాట వెంగర్ వాడుకునేటట్లు రాజీపడ్డారు. పర్యాయపదాలను ఇంత ఖరీదుగా పంచుకున్నవారు నిఘంటుకర్తలలో కూడా లేరు. 2005లో విక్టొరినాక్స్ వెంగర్‌ను కొనేసింది. 2013లో వెంగర్ పేరుతో చాకుల తయారీకి ముగింపు ప్రకటించారు. అందువల్ల పాత వెంగర్ చాకు ఒకటి సంపాదించడం కొత్త సేకర్తకు మంచి పాఠం. నాది హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో పాత తాళాల కుప్పలో దొరికింది. శిలువ చుట్టూ డాలు ఆకారం ఉంటే విక్టొరినాక్స్, గుండ్రని మూలల చతురస్రం ఉంటే వెంగర్. డబ్బా తెరిచేటప్పుడు ఒకటి అంచు వెంట ఒక దిక్కుకు సాగితే, రెండవది ఎదురు దిక్కుకు సాగుతుంది. వెంగర్ కత్తెర అంచున సన్నని పళ్లుంటాయి, గోరు గాని దారం గాని జారిపోదు. కత్తెర వరకు నా ఓటు వెంగర్‌కే. డబ్బా విషయంలో విక్టొరినాక్స్‌కు.

ఇప్పుడు అసలు అభిప్రాయం. కొత్తగా మొదలుపెట్టేవారు చేసే మొదటి పొరపాటు పనిముట్లను లెక్కపెట్టడం. ‘స్విస్‌చాంప్’ అనే పెద్ద చాకులో ముప్పైమూడు పనులున్నాయని చెబుతారు. బరువు 185 గ్రాములు. నేను దానిని కొన్నాను, వారం రోజులు లాల్చీ జేబులో వేసుకుని తిరిగాను. జేబు ఒకవైపుకు వేలాడి, పెళ్లిలో ఒకాయన “ఏం పంతులుగారూ, రాయి వేసుకొచ్చారా” అని అడిగాడు. అది ఇప్పుడు సొరుగులో ఉంటుంది. సొరుగులో ఉండేదానికి మడత ఎందుకు? ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవరు, పటకారు, రంపం దానికంటె బాగా పనిచేస్తాయి. జేబుచాకు గొప్పతనమంతా మంచి సాధనం దగ్గరలేని చోట చేతికందడంలో ఉన్నది. ఎవరి పని ఏమిటో తెలియకుండా ఎన్ని అలుగులు కావాలో తేలదు. సూదికి సూదే, దబ్బనానికి దబ్బనమే అని మనవాళ్లు ఊరికే అనలేదు.

నేను చెప్పే పద్ధతి ఇది. మొదట ఒకే చాకు కొనండి. 58 మిల్లీమీటర్ల ‘క్లాసిక్’ తాళంచెవులకు తగిలించుకునేటంత చిన్నది, 21 గ్రాములు. అది గాని, 91 మిల్లీమీటర్ల ‘స్పార్టన్’ గాని చాలు. రైతుబిడ్డలైతే, చేతులకు మట్టి అంటే పనివారైతే, అల్యూమినియం పిడితో వచ్చే 93 మిల్లీమీటర్ల ‘పయనీర్’ మేలు. అందులో పనిముట్లు తక్కువ, అలుగు కొంచెం మందం. ఒక సంవత్సరం దానినే వాడండి. ఏ పనికి అది చాలలేదో ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకమే రెండవ చాకు ఏది కొనాలో చెబుతుంది. అమెరికాకు చెందిన టిమ్ లెదర్‌మన్ చేసినది అదే. 1975లో భార్యతో ఐరోపా యాత్ర చేస్తూ, పాతకారు మొరాయించినప్పుడల్లా, హోటలు గదిలో కుళాయి కారినప్పుడల్లా తన మడతచాకులో పటకారు లేదే అనుకున్నాడు. ఎనిమిదేళ్లు తంటాలుపడి 1983లో పటకారునే నడుముగా చేసుకున్న కొత్త సాధనాన్ని అంగట్లోకి తెచ్చాడు. ఆయన సాధనం నా దగ్గర ఒకటున్నది. పటకారు పనిలో స్విస్ చాకులేవీ దాని ముందు నిలువవు. మామిడికాయ కోయడంలో మాత్రం అది స్విస్ చాకుల ముందు నిలువదు.

రెండవ చాకు వచ్చిన తరువాత పోల్చండి, ఒకే వస్తువు మీద పోల్చండి. ఒక చాకుతో మామిడికాయ, మరొక చాకుతో పురికొస కోసి తీర్పు చెప్పడం అన్యాయం. నేను ఒకే కొబ్బరితాడు ముక్కను వరుసగా కోసి, ఎన్ని కోతల తరువాత వాదర జారుతున్నదో లెక్కపెట్టాను. పాత నకిలీ చాకు ఇరవై దాటలేదు. స్పార్టన్ వంద దాటినా కోస్తూనే ఉన్నది, నాకే చేయి నొప్పి పుట్టి ఆపాను. దీనికి కారణం ఉక్కుకు పట్టే పదనులో ఉన్నది. రాక్‌వెల్ అనే కొలతలో అంకె పెరిగిన కొద్దీ గట్టిదనం ఎక్కువ. విక్టొరినాక్స్ వారి అలుగుకు 56, కత్తెరకూ రంపానికీ 53, స్క్రూడ్రైవరుకూ డబ్బా తెరిచేదానికీ ఆరెకూ 52, స్ప్రింగుకు 49. అన్నీ ఒకే గట్టిదనంతో ఉండకపోవడమే అందులోని నేర్పు. అలుగు గట్టిగా లేకపోతే పదును నిలువదు. స్ప్రింగు అంత గట్టిగా ఉంటే వంగక విరుగుతుంది. నా నకిలీ చాకు చేసినవాడు అన్నిటినీ ఒకే రేకు నుండి కత్తిరించి ఉంటాడని నా ఊహ. ఎర్రరంగును అనుకరించడం సులభం, ఆ నాలుగు అంకెలను అనుకరించడం కష్టం.

ఇక్కడే మా ఇంటావిడ కత్తిపీట వస్తుంది. కత్తిపీటను పోలికలో ఎందుకు చేర్చకూడదు? నిలువు అలుగుతో కూరలు తరుగుతాము, దాని కొసన పళ్లున్న బిళ్లతో కొబ్బరి కోరుతాము, పీట మీద కూర్చుంటాము. మూడు పనులు ఒకే సాధనంలో! మడిచిపెట్టే కత్తిపీటలు కూడా ఉన్నాయి. గీతకార్మికులు నడుముకు కట్టుకునే పొదిని చూడండి. ఈతచెట్టు మీద ఒంటి మోకు ఆధారంగా నిలబడి, రెండు చేతులకూ పని ఉన్నప్పుడు చూడకుండానే కావలసిన కత్తి చేతికి రావాలి. స్విస్ చాకు తెరవడానికి గోరుతో గీరవలసిన గాడి ఉంటుంది. ఆ ఎత్తున అది పనికిరాదు. ఇది స్విస్ చాకును తక్కువ చేయడం కాదు. ఏ సాధనం ఏ చేతికోసం పుట్టిందో తెలియడానికి ఇటువంటి పోలిక కావాలి. మన సాధనాలను పక్కన పెట్టకుండా పరదేశపు చాకులను మాత్రమే వరుసపెట్టడం, వ్యాకరణం తెలియకుండా నిఘంటువు కంఠస్థం చేయడం వంటిది.

మరొకటి ఉండేది, నా అశ్రద్ధ వల్ల పోయింది. మా తాతగారికి తాటాకుల మీద రాసే గంటం ఒకటుండేది. ఒక కొసన రాసే మొన, మరొక కొసన ఆకు అంచులు సరిచేసే చిన్న కత్తి, రెండూ ఒకే పిడిలో. తాళపత్రాలు రాసిన దక్షిణదేశమంతటా ఇటువంటివి ఉండేవి. అంటే ఇబాఖ్‌లో స్ప్రింగు పుట్టకముందే మా ఇంట్లో రెండు పనుల సాధనం ఉన్నది. అది పాత ఇత్తడి సామాను మధ్య అటక మీద పడి ఉండేది. 2013లో ఇంటికి సున్నం వేయించినప్పుడు నేను లెదర్‌మన్ కోసం ఎవరిద్వారా తెప్పించుకోవాలా అని ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను. అటక మీది సామాను పాత ఇనుము కొనేవాడికి తూకానికి పోయింది. వారం తరువాత గుర్తుకు వచ్చింది. అతడిని వెతికి పట్టుకున్నాను గాని సరుకు అప్పటికే లారీ ఎక్కింది. పోల్చవలసిన మొదటి వస్తువును తూకానికి అమ్మినవాడు సేకరణ గురించి ఉపన్యసించడం ఏమిటని మీరు అడగవచ్చు. అడగండి.

ఉక్కు మాట వచ్చింది కనుక ఒక చిన్న పక్కదారి. మా బాన్సువాడ 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లాలో చేరింది. అంతకుముందు నిజామాబాదు జిల్లా. ఆ నిజామాబాదు జిల్లాలోనే కోనసముద్రం అనే ఊరున్నది. అక్కడ మట్టిమూసలలో కరగించి చేసిన ఉక్కు ఒకప్పుడు పారశీక దేశానికి పోయేది. హెన్రీ వోయిసీ అనే ఆంగ్లేయ భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ పనిని కళ్లారా చూసి రాసిన వివరణ, ఆయన మరణానంతరం 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇస్ఫహాను నుండి వచ్చి కూర్చున్న వర్తకుణ్ణి కూడా ఆయన చూశాడు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణంలో ఇటువంటి కొలిమి దిబ్బలను వెతికి నమోదుచేశాయి. పాశ్చాత్యులు ఆ ఉక్కును ‘వూట్జ్’ అన్నారు. అది మన ‘ఉక్కు’కే వక్రరూపమని చాలామంది మతం. మా జిల్లా ఉక్కు సముద్రం దాటి పారశీకానికి పోయి కత్తి అయ్యేది. నూటయాభై ఏళ్ల తరువాత మా జిల్లా కుర్రవాడు అదే సముద్రం దాటి పోయి, ఒక మెత్తని చాకు కొనుక్కుని వచ్చాడు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఆ చాకు మీద కోపం రాదు.

కొందరు మిత్రులు చాకును డబ్బాలో నుండి తీయకుండా, నూనెకాగితంతో సహా దాస్తారు. వాడితే విలువ తగ్గుతుందంటారు. అమ్మదలచినవారికి అది నిజమే కావచ్చు. కాని తెరవని చాకు గురించి వారు చెప్పగలిగేది డబ్బా మీద అచ్చువేసినదే. చదవని పుస్తకానికి అట్ట వేసినట్లు ఉంటుంది. వాడినదానికి చేయవలసిన సేవ పెద్దదేమీ కాదు. పులుపు తగిలితే వెంటనే కడగాలి. తుప్పుపట్టని ఉక్కు అని పేరేగాని చింతపండు రసం రాత్రంతా ఉంటే దానికీ మచ్చ పడుతుంది. కీళ్లలో చెత్త చేరితే గోరువెచ్చని నీళ్లలో ముంచి పదిసార్లు తెరిచి మూసి, ఆరబెట్టి, కీలు దగ్గర ఒక చుక్క నూనె వేయాలి. కొబ్బరినూనె వద్దు, చలికాలంలో గడ్డకడుతుంది. విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో ఉంచవద్దు, అప్పగించే పెట్టెలో వేయండి. నేను మరచిపోయి ఒక క్లాసిక్‌ను అట్లా పోగొట్టుకున్నాను. అది పన్నెండవది.

చీటీల సంగతి చెబుతానన్నాను. ఆ దుబాయి శిష్యుడు తిరిగివచ్చి ఊళ్లోనే స్థిరపడ్డాడు. రెండేళ్ల క్రితం కూతురి పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చాడు. టీ తాగుతూ డబ్బా చూశాడు, తన చాకును చూడగానే గుర్తుపట్టాడు. “ఇంక దాస్కున్నరా సార్!” అని ఆనందంగా చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని చీటీ చదివాడు. అందులో నా చేతిరాతతో, గుండ్రని అక్షరాలతో, “నకిలీ. దుబాయి, 1996” అని ఉన్నది.

అతడు ఏమీ అనలేదు. చీటీని వెనక్కు తిప్పి చూశాడు, వెనుక ఏమీ లేదు. “నాకు ఎర్కలే సార్” అన్నాడు కొంతసేపటికి. యాభై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషి, తప్పుచేసిన విద్యార్థి వలె తలవంచుకుని కూర్చున్నాడు. తప్పు చేసినది నేను. పదిహేనేళ్లు నా బడిపనంతా చేసిన చాకు గురించి నాకు తెలిసిన సంగతులు ఎన్నో ఉండగా, వాటిలో నాలుగక్షరాలే ఎంచుకుని రాశాను. పైగా ఆ మాట చాకును గురించినదేనా? అది తయారుచేసి పేరు చెప్పనివాడిని గురించినది. పోల్చడమంటే అసలూ నకిలీ అని తేల్చడమేనని నేనూ అనుకున్నాను కాబోలు. ఆ మాట అతడితో సరిగ్గా చెప్పలేకపోయాను. “నీది తీసిపారెయ్యలేదు కదరా” అని మాత్రం అన్నాను.

అతడు పెద్ద అలుగు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూసి, “మొద్దువోయింది సార్, జెర నీళ్లియ్యిండ్రి” అని లేచాడు. మా ఇంటి ముందు అరుగుకు నాపరాయి మెట్టున్నది. దాని మీద నీళ్లు చల్లి అరగంట సేపు సానపెట్టాడు. పెళ్లిపత్రికల సంచి పక్కన పెట్టి, ఇంకా పది ఇళ్లకు పోవలసినవాడు. మా ఇంటావిడ లోపలి నుండి మామిడికాయ తెచ్చి ఇచ్చింది. నాలుగు బద్దలుగా కోసి, ఉప్పూకారం అద్దుకుని తిన్నాము. తరువాత చాకు కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టాడు.

చీటీ మార్చాను. ఇప్పుడు దాని మీద ఇట్లా ఉన్నది: “దుబాయి, 1996. తయారీదారు పేరు లేదు. మొదటి నెల జీతంతో కొన్నది. బడిలో 15 ఏళ్లు పనిచేసింది. కొబ్బరితాడు మీద ఇరవై కోతలు. బిరడా మర మంచిది, చిమ్టా పనికిరాదు.” ఆ సానకు వాదర ఒకచోట కొంచెం లోపలికి వంగింది, ఆ సంగతి చివరన వేరే సిరాతో చేర్చాను.